ప్లూటో కక్ష్య లెక్కలకు రీబౌండ్: బాగుంది, కానీ తప్పు చేస్తే చెప్పదు

నెప్ట్యూన్ సూర్యుణ్ణి మూడుసార్లు చుట్టేలోపు ప్లూటో రెండుసార్లు చుడుతుంది. ఈ 3:2 అనునాదం కోట్ల ఏళ్లు ఎలా నిలుస్తుందో ల్యాప్‌టాప్‌లోనే చూడాలంటే నా ఓటు రీబౌండ్‌కే. గురుత్వాకర్షణతో గ్రహాలు ఎలా కదులుతాయో లెక్కించే ప్రోగ్రామ్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్. లోపల సీ భాష, పైన పైథాన్ భాష. పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో ఒక్క లైనులో ఇన్‌స్టాల్ అవుతుంది.

గ్రహం పేరు ఇస్తే స్థానం, వేగం నాసా వారి ఆన్‌లైన్ గ్రహస్థానాల సేవ హొరైజన్స్ నుంచి అదే తెచ్చుకుంటుంది. తేదీ మాత్రం మీరే ఇవ్వండి, లేకపోతే రన్ చేసిన క్షణాన్ని తీసుకుంటుంది. సూర్యుడు, నాలుగు పెద్ద గ్రహాలు ముందు, ప్లూటో చివర. లోపలి గ్రహాలను వదిలేస్తే వాటి ద్రవ్యరాశిని సూర్యుడికి కలపాలి.

ఇంటిగ్రేటర్, అంటే గ్రహాలను కాలంలో అడుగడుగునా ముందుకు జరిపే లెక్కింపు పద్ధతి, డబ్ల్యూహెచ్‌ఫాస్ట్. టైమ్‌స్టెప్ (ఒక్కో అడుగు నిడివి) గురుడి పరిభ్రమణ కాలం 11.86 ఏళ్లలో ఇరవయ్యో వంతు దాటకూడదు, అర ఏడాది సరిపోతుంది. చాలామంది దెబ్బతినేది యూనిట్ల దగ్గర. మార్చకపోతే గురుత్వ స్థిరాంకం జి విలువ 1, ఏడాదంటే 2π. అర ఏడాది అనుకుని 0.5 కొడితే నిజానికి పడేది 29 రోజులే. రన్ ఆరు రెట్లు సాగుతుంది. స్టెప్ పెంచుకుందామని గురుడిని తీసేయడం ఇంకా పెద్ద పొరపాటు. ప్లూటో పరిహేళి (కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరి బిందువు) ఎటు ఉందో చెప్పే కోణం 90° చుట్టూ దాదాపు 40 లక్షల ఏళ్లకోసారి ఊగుతుంది. ఆ ఊగును నిలబెట్టడంలో గురుడి పాత్ర పెద్దదని 2022లో పరిశోధకులు మల్హోత్రా, ఇటో చూపించారు.

ఇక అనునాదం నిలిచి ఉందో లేదో చెప్పే అనునాద కోణం. ప్లూటో సగటు రేఖాంశాన్ని (కక్ష్యలో అది ఎక్కడుందో చెప్పే కోణం) 3తో గుణించి, అందులోంచి నెప్ట్యూన్ సగటు రేఖాంశానికి 2 రెట్లు, ప్లూటో పరిహేళి రేఖాంశం తీసేయండి. అది 180°కి అటూ ఇటూ 80 పైచిలుకు డిగ్రీలు ఊగాలి, ఒక్కో ఊగుకు సుమారు 20,000 ఏళ్లు. అందుకే 500 ఏళ్లకోసారి సేవ్ చేయాలి. 20,000 ఏళ్లకోసారి చేస్తే గీత నున్నగా, చూడముచ్చటగా వస్తుంది. పూర్తిగా తప్పు.

లోపాలూ ఉన్నాయి. ప్రతి అడుగునూ పూర్తి చేసే సేఫ్ మోడ్ ఆపితే వేగం పెరుగుతుంది, కానీ ఫలితం చదివే ముందు సింక్రనైజ్ చేయడం (సగంలో ఉన్న అడుగును పూర్తి చేయడం) మీ పని. నెప్ట్యూన్‌కు మరీ దగ్గరగా వెళ్లే వస్తువులను డబ్ల్యూహెచ్‌ఫాస్ట్ తప్పుగా లెక్కిస్తుంది, కిక్కురుమనదు కూడా. అలాంటి వాటికి రీబౌండ్‌లోనే ఉన్న మరో ఇంటిగ్రేటర్ మెర్క్యూరియస్ పెట్టుకోండి.

ఎన్ని కోర్లున్నా ఇంత చిన్న రన్ ఒక్క కోర్ మీదే నడుస్తుంది. మిగతా వాటిపై ప్లూటో ఆరంభ స్థానాన్ని రవ్వంత మార్చి నకళ్లు నడపండి. చిన్న తేడా సుమారు 2 కోట్ల ఏళ్లకు 2.7 రెట్లవుతుందని 1988లో పరిశోధకులు సస్మన్, విజ్డమ్ లెక్కగట్టారు కాబట్టి ఒక్క రన్‌ను నమ్మలేం. కరెంటు పోతే రీబౌండ్ సేవ్ చేసే సిమ్యులేషన్ ఆర్కైవ్ ఫైలు నుంచి ఆగినచోటే మొదలుపెట్టొచ్చు.