కొన్నదొకటి, తెచ్చుకున్నదొకటి: తొమ్మిదేళ్ల లెక్క

మా ఇంట్లో రెండు కుక్కలు పెరిగాయి. ఒకటి డబ్బిచ్చి కొన్న లాబ్రడార్, బ్రూనో. రెండోది రోడ్డు మీద దెబ్బ తగిలి పడి ఉంటే ఎవరో పిల్లలు కాపాడి, నయం చేసి మాకిచ్చిన నాటు కుక్క, చుక్కి. బ్రూనో 2016 సంక్రాంతి ముందు వచ్చాడు, 2025 మార్చిలో పోయాడు. చుక్కి 2019లో వచ్చింది, ఇది రాస్తుంటే నా కుర్చీ కింద గురక పెడుతోంది. పిల్లల్ని పెట్టించి అమ్మే బ్రీడర్ దగ్గర కొనాలా, వీధి కుక్కల్ని కాపాడే రెస్క్యూ వాళ్ల దగ్గర తెచ్చుకోవాలా అని చాలామంది అడుగుతుంటారు. రెండు రకాలుగానూ మేం పడ్డదేమిటో చెబుతా.

బ్రూనోని కొనేనాటికి మాకు ఓనమాలు తెలీవు. మా వారి స్నేహితుడు ఒక నంబరిచ్చాడు. ఫోన్ చేస్తే "పన్నెండు వేలండీ, సర్టిఫికెట్ కావాలంటే ఇంకో ఆరు వేలు" అన్నాడు అవతలి మనిషి. కాగితంతో మనకేం పనిలే అనుకున్నాం. జాతి కుక్కల వంశం లెక్క రాసుకునే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నమోదు చేసేవాళ్లు ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నిటినీ కలిపి చేస్తారనీ, కొనేవాడు అడిగితే ఒకదానికి చేయించేది కాదనీ తర్వాతెప్పుడో తెలిసింది. తల్లిని చూడొచ్చా అంటే ఊళ్లో లేదన్నాడు. కుక్క ఊరెళ్లడమేమిటో కూడా మాకు తట్టలేదు! బెజవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర, ఆపిల్ పళ్ల అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చాడు.

నలభై అయిదు రోజుల పిల్ల అని చెప్పాడు. డాక్టరుగారు నోరు తెరిచి పళ్లు చూసి, "నెల దాటి ఉంటుందంతే" అన్నారు. ఆ మరుసటి ఏడాదే, 2017లో, కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. ఇప్పుడు కూడా పాలు మరవని పిల్లల్ని అమ్మేవాళ్లు కనబడుతూనే ఉన్నారు, అది వేరే సంగతి.

నాలుగో రోజు రాత్రి వాంతులు, తెల్లారేసరికి నెత్తుటి విరేచనాలు. పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగులకి పట్టే వైరస్ జబ్బు. ఒంట్లో చేరాక బయటపడటానికి మూడు రోజుల నుంచి వారం పడుతుంది కాబట్టి, చాలావరకు పుట్టినచోటే అంటుకుని ఉంటుందని చెప్పారు డాక్టరుగారు. బ్రీడరుకి ఫోన్ చేస్తే "మా దగ్గరున్నప్పుడు బానే ఉందండీ, మీరేం పెట్టారో" అన్నాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. ఆరు రోజులు సెలైన్. కుక్క గడప తొక్కితే హైదరాబాదులో పెద్దకొడుకు దగ్గరికి వెళ్లిపోతానన్న మా అత్తయ్య, మూడో రాత్రి కిటికీ ఊచకి సెలైన్ సీసా కట్టి, పిల్ల సూది లాగేసుకోకుండా దాని ముంగాలు రెండు వేళ్లతో పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. మొత్తం పద్నాలుగు వేలయింది. కుక్క ఖరీదు కంటే ఎక్కువ.

బతికాక మాత్రం వాడిలాంటి కుక్క ఉండదు. పిల్లలు చెవులు లాగినా, వీపెక్కినా ఒక్కసారి గుర్రుమని ఎరగడు. కానీ బెజవాడ ఎండలు వాడి ఒంటికి పడలేదు. మేలో పదకొండు దాటితే నాలుక వేలాడేసుకుని బాత్రూంలో తూము దగ్గర బోర్లా పడుకునేవాడు. ఏసీ వాడి కోసమే వేసిన రోజులున్నాయి. నాలుగేళ్లు వచ్చేసరికి మెట్లెక్కడం మానేశాడు. గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తే తుంటి కీలు గూట్లో సరిగ్గా కూర్చోలేదన్నారు. లాబ్రడార్లలో, జర్మన్ షెపర్డ్‌లలో ఇది వంశం నుంచి వస్తుంది, బరువు దాన్ని ముదరపెడుతుంది. వంశం బ్రీడరు పుణ్యం. బరువు అత్తయ్య నెయ్యి ఇడ్లీల పుణ్యం. ముప్పై ఎనిమిది కిలోలు ఉండేవాడు మరి.

బ్రీడర్లంతా ఇంతే అనడం కూడా న్యాయం కాదు. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని వాళ్లు ఒక ఇంటి దగ్గర బీగల్ కొన్నారు. తల్లి హాల్లోనే ఉందట, టీకాల పుస్తకం చేతికిచ్చారట, మీకు కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వండి, ఇంకెవరికీ ఇవ్వొద్దని మాట తీసుకున్నారట. ఆ కుక్కకి ఏడేళ్లు. రాయిలా ఉంది.

ఇక చుక్కి. దాన్ని కాపాడిన పిల్లలు డబ్బు అడగలేదు, ఇల్లు చూస్తామన్నారు. కాలేజీ చదివే అమ్మాయి వచ్చి గేటు ఊచల మధ్య సందు చూసింది, డాబా పిట్టగోడ ఎత్తు చూసింది, పండక్కి ఊరెళ్తే ఎవరు చూస్తారని అడిగింది, ఆధార్ జిరాక్స్ తీసుకుంది. "మీ పెళ్లప్పుడు మేం కూడా ఇన్ని అడగలేదు" అంది అత్తయ్య. అప్పటికి చుక్కికి ఏడాదిన్నర ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, దాని గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. వెనక కాలు అతికింది గానీ కాస్త వంకర.

మొదటి మూడు వారాలు మంచం కింద నుంచి రాలేదు. చీపురు చూస్తే ఒంటేలు పోసుకునేది. ఇవి ఊహించినవే. ఊహించనిది ఏమిటంటే, ఒకరోజు మా చిన్నాడు దాని గిన్నె పక్కన పడ్డ చపాతీ ముక్క తీయబోతే చటుక్కున పట్టేసింది. మణికట్టు మీద పంటి గీత, ఒక రక్తపు చుక్క. పదిహేను నిమిషాలు కుళాయి కింద సబ్బుతో కడిగి, సర్కారు ఆసుపత్రికి పరుగెత్తాం. దానికి రేబీస్ టీకా వేశారు కదా అని మేం ఊరుకోలేదు. 0, 3, 7, 28 రోజుల లెక్కన నాలుగుసార్లు ఇంజక్షన్లు వేయించాం. "పిల్లలతో చాలా బాగుంటుంది" అని చెప్పింది ఆ అమ్మాయే. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను, తీసుకుపొమ్మన్నాను.

సాయంత్రానికి స్కూటీ మీద వచ్చింది. "చుక్కి దగ్గర పిల్లల్ని నేనెప్పుడూ చూళ్లేదక్కా, తెలీకుండా చెప్పాను, తప్పే" అంది. తీసుకెళ్లడానికి సిద్ధమైంది కూడా. పోయేముందు ఒక పని చేసి చూపించింది. చుక్కి తింటుంటే దూరంగా నిలబడి, ఉడికించిన చికెన్ ముక్క గిన్నెలోకి విసిరి, వెనక్కి వెళ్లిపోయింది. రోజుకో అడుగు దగ్గరికి. మనిషి వస్తే తిండి పోదు, వస్తుంది అని దానికి తెలియాలి, అంతే. రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా పన్ను తగల్లేదు. అయినా అది తినేటప్పుడు పిల్లల్ని ఇప్పటికీ దగ్గరికి పోనివ్వను.

నాటు కుక్కకి రోగాలు రావంటారు. అదొక అబద్ధం. 2021లో గోమార్ల జ్వరం వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, ముక్కులోంచి రక్తం కారింది. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే మందు వాడితే తేరుకుంది. ఎండకి మాత్రం దానికి లెక్కలేదు, మేలో కూడా మిట్టమధ్యాహ్నం డాబా మీద కాకుల వెంట పడుతుంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీద పడింది. నీళ్లు గేటు దాటగానే చుక్కి తనంతట తనే పై వాటాకి వెళ్లిపోయింది. బ్రూనోని దుప్పట్లో వేసి నలుగురం మోశాం, మలుపు దగ్గర మా బావగారి నడుం పట్టేసింది. డాబా మీద మూడు రోజులు. పడవల్లో, డ్రోన్లలో వచ్చిన పులిహోర పొట్లాలు చుక్కి కాగితంతో సహా నాకేది. బ్రూనో మట్టి నేల మీద తప్ప ఎక్కడా ఒంటేలు పోయడు. ఒక రోజంతా బిగబట్టుకుని మూలుగుతూ కూర్చున్నాడు. చివరికి అత్తయ్య తన తులసికోట మట్టి కాస్త గోనెసంచి మీద పరిచింది. అప్పుడు పోశాడు.

ఇప్పుడు గుంటూరు విద్యానగర్‌లో మా ఆడపడుచు వాళ్లకి కుక్క కావాలట. మీ ఇద్దరూ ఉద్యోగాలకి పోతే నెలల పిల్లని ఎవరు చూస్తారు, ఏడాది దాటి, స్వభావం తెలిసిన రెస్క్యూ కుక్కని తెచ్చుకో, ఇంటికి రెండు మూడుసార్లు పిలిపించి పిల్లలతో తిరగనిచ్చి చూసుకో అన్నాను. కొనాల్సిందే అంటే తల్లిని దాని ఇంట్లోనే చూడు, బస్టాండుకి తెచ్చిస్తానన్నవాడికి అడ్వాన్సు పంపకు అని కూడా చెప్పాను. ఆమె అన్నిటికీ తలూపింది. వాళ్ల చిన్నోడికి మాత్రం హస్కీ కావాలట, గుంటూరు ఎండల్లో.