సముద్రపు రొయ్య తగ్గిందా? హార్బర్ లెక్కా, సర్వే ఓడా... ఏది మేలు?

మన దగ్గర రొయ్య అనగానే ముందు చెరువే గుర్తొస్తుంది. భీమవరం వైపు టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య రేటు ఎంతో, ఏ కౌంట్ (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ఎంత పలికిందో అడక్కుండానే చెవిన పడుతుంది. చెరువులో సీడ్ ఎంత వేశామో తెలుసు. చెక్ ట్రే ఎత్తితే మేత తిన్నాయో లేదో తెలిసిపోతుంది. సముద్రపు రొయ్యకు ఇవేవీ లేవు. ఎన్ని పుట్టాయో ఎవరూ చూడలేదు, ఎన్ని మిగిలాయో చూడలేం. అయినా మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధించి బోట్లు కట్టేయిస్తున్నాం. అది సరిపోతోందా, ఎక్కువైందా అని చెప్పాలంటే ఏదో ఒక లెక్క కావాలి.

ఆ లెక్క తీయడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. బోట్లు తెచ్చిన సరుకును ఒడ్డున కొలవడం ఒకటి. మనమే ఓడ వేసుకుని వెళ్లి వల లాగి చూడడం రెండోది. డబ్బు ఒక్కదానికే ఉందంటే నేను ఒడ్డుకే ఓటేస్తాను. అయితే ఒడ్డున ఇప్పుడు ఎక్కువమంది చూసే అంకెకు మాత్రం కాదు.

ముందు రొయ్యతో వచ్చిన చిక్కేమిటో చెప్పాలి. చేప తలలో చిన్న చెవిరాయి ఉంటుంది. దాన్ని కోసి చూస్తే చెట్టు మానులో ఉన్నట్టు వలయాలు కనిపిస్తాయి, వాటిని బట్టి వయసు చెప్పొచ్చు. రొయ్యకు ఆ వీలు లేదు. పెరిగినప్పుడల్లా గుల్ల విడిచేస్తుంది, చెరువు రైతులు మోల్టింగ్ అనేది దీన్నే. వయసు రాసిపెట్టుకునే గట్టి భాగమేదీ ఒంట్లో మిగలదు. పైగా బతికేది ఏడాది, మహా అయితే రెండేళ్లు. సముద్రంలో గుడ్డు పెడుతుంది, పిల్ల మడ అడవుల్లోకి, ఉప్పుటేరుల్లోకి వచ్చి కొన్ని నెలలు పెరిగి మళ్లీ సముద్రంలోకి పోతుంది. అంటే దాదాపు ప్రతి ఏడాదీ కొత్త పంటే. పోయినేడాది అంకె పట్టుకుని ఈ ఏడాది జోస్యం చెప్పడం కుదరదు.

ఇక ఒడ్డు లెక్క. మన దేశంలో కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) దశాబ్దాలుగా ఈ పని చేస్తోంది. రేవులన్నిటినీ రోజూ చూడడం ఎవరివల్లా కాదు కాబట్టి కొన్ని రేవులు, కొన్ని రోజులు, కొన్ని బోట్లు ఎంచుకుని కొలిచి, దాన్నిబట్టి మొత్తం అంచనా కడతారు. పద్ధతి బాగానే ఉంది. పేపర్లోకి ఎక్కేది మాత్రం 'ఇన్ని టన్నులు' అనే ఒక్క అంకే. నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది అదే.

పదేళ్ల కిందట ఒక బోటు పది గంటలు వల లాగితే 20 కిలోలు పడేవనుకుందాం. ఇప్పుడు ఇరవై గంటలు లాగితే అదే 20 కిలోలు. కాటా మీద తేడా లేదు, సముద్రంలో మాత్రం సగానికి పడిపోయినట్టే. కాబట్టి చూడాల్సింది గంటకు ఎన్ని కిలోలని. ఆ గంట కూడా పాత గంట కాదు. విశాఖ మరబోట్లకు పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అని రకాల పేర్లుండేవి (వేటాడే బోటుకే రొయ్య పేరు పెట్టుకోవడం మనకే చెల్లింది!). వీటిలో సోనా పెద్దది, రోజుల తరబడి సముద్రంలోనే ఉండి వేటాడగలదు. దానికి జీపీఎస్, నీటి అడుగు లోతు చూపే ఎకో సౌండర్ చేరాక గంట వేటకు ఎంత బలం వచ్చిందో లెక్కలోకి తీసుకోకపోతే, రొయ్య తగ్గుతున్నా గంటకు పడేది తగ్గదు. తగ్గినట్టు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

టన్నులతో ఇంకో తంటా ధర. వలల్లో తాబేళ్లు చిక్కుకుంటున్నాయన్న కారణంతో, సముద్రంలో పట్టిన రొయ్యను 2019 నుంచి అమెరికా మన దగ్గర కొనడం లేదు. రేటు పడితే బోటు డ్రైవర్ వేరే చేపల మీదికి మళ్లుతాడు, రొయ్య టన్నులు తగ్గుతాయి. సముద్రంలో రొయ్యకు ఏమీ కాకపోయినా కాగితం మీద స్టాక్ (సముద్రంలో ఉన్న మొత్తం రొయ్య) పడిపోతుంది.

ఒడ్డున అసలు విలువైనది సైజు. రేవులో తెల్లవారుజామున చూడండి, గంప దించగానే ముందు మాట్లాడేది కౌంటే. కిలోకు ముప్పై తూగాయా, డెబ్బై తూగాయా అని. అదే రకం రొయ్య, అదే నెలలో, ఏటికేడు 40 కౌంట్ నుంచి 70 కౌంట్‌కు జారుతోందంటే పెరగకముందే పట్టేస్తున్నామని అర్థం. కొనేవాళ్ల చీటీల్లో ఈ సమాచారం ఉచితంగా పడి ఉంది. అయితే చిన్నవి వేరేగా ఏరి ఎండబెట్టడానికి పంపేస్తే చీటీలో పెద్దవే కనిపిస్తాయి, అందుకని కొలతా కావాలి. కుప్పలోంచి ఏరకుండా ఒక తట్టెడు తీసుకోవాలి. మనిషి చెయ్యి తెలియకుండానే పెద్దదాని మీదికి పోతుంది మరి. ముక్కు కొన విరిగి ఉంటుంది కాబట్టి మొత్తం పొడవు నమ్మరు, కంటి గుంట వెనక నుంచి తల గుల్ల చివరి దాకా వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తారు. ఆడ, మగ వేరువేరుగా రాయాలి. ఆడది పెద్దగా పెరుగుతుంది, రెండూ కలిపితే రెండు ఈడుల గుంపులున్నట్టు భ్రమ పడతాం. ఆడ రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వీపు పొడవునా ముదురు పచ్చ గీత కనిపిస్తే గుడ్లు పండినట్టు. అలాంటివి ఏ నెలలో ఎక్కువగా వస్తున్నాయో చూస్తే నిషేధం తేదీలు సరైనవో కాదో అక్కడే తేలిపోతుంది. కాలిపర్, నోటుబుక్కు, ఓపిక ఉన్న మనిషి. ఇంతకన్నా చవగ్గా ఇంత సమాచారం ఇంకెక్కడా దొరకదు.

మరి సర్వే ఓడ ఎందుకు? ఒడ్డు లెక్కకు ఒక గుడ్డితనం ఉంది: బోట్లు వెళ్లిన చోటే కనిపిస్తుంది. రొయ్య ఉన్నచోటికే బోటు పోతుంది, లేనిచోటి సంగతి ఎవరూ చెప్పరు. నిషేధం ఉన్న 61 రోజుల్లో అయితే సంప్రదాయ పడవల వేట తప్ప ఇంకేమీ కనిపించదు. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియాకు విశాఖలో స్థావరం ఉంది, అలాంటి ఓడ ఈ లోటు తీరుస్తుంది. లెక్క తేలికే. వల నోరు 20 మీటర్లు, ఓడ వేగం గంటకు అయిదున్నర కిలోమీటర్లు అనుకుంటే, గంటలో ఊడ్చింది 0.11 చదరపు కిలోమీటరు. 11 కిలోలు పడితే చదరపు కిలోమీటరుకు 100 కిలోలు. వల ముందున్న వాటిలో సగం తప్పించుకుంటాయనుకుంటే 200. ఆ 'సగం' దగ్గరే తగువంతా. టైగర్ రొయ్య పగలు బురదలో దూరి ఉంటుంది, రాత్రి బయటికొస్తుంది. పగలు లాగి 'రొయ్య లేదు' అని రాస్తే ఓడ ఖర్చంతా వృథా. పైగా లోతు తక్కువ ఉన్నచోటికి పెద్ద ఓడ రాలేదు, పిల్ల రొయ్య ఉండేదేమో అక్కడే.

రెండూ కలిపి వాడుకున్న చోటు చూడాలంటే ఉత్తర ఆస్ట్రేలియా. అక్కడ ఒకప్పుడు 300 దాకా ఉన్న రొయ్య బోట్లను 52కు తగ్గించారు. 2002 నుంచి సర్వేలు చేస్తున్నారు. బనానా రొయ్య అనే రకం సీజన్‌లో మాత్రం బోట్లకు రోజుకు ఎంత పడుతోందో చూసి, గీత దాటి పడిపోతే సీజన్ ముగించేస్తారు. అక్కడి కరుంబా రేవు దగ్గర ఇంకో సంగతి గమనించారు: వాన బాగా పడిన ఏడాది బనానా రొయ్య ఎక్కువగా పడుతుంది. ఏరు పొంగితే పిల్ల రొయ్య సముద్రంలోకి కొట్టుకొస్తుంది మరి. అందుకని వాన లెక్క పక్కన పెట్టుకోకుండా వేటనే తప్పుపట్టడం కుదరదు. గోదావరి మొగ దగ్గరా ఈ ప్రశ్న వేసుకోవాలి. కోరింగ మడ కాలువల్లో పిల్ల రొయ్యను ఏటా లెక్కపెడితే పుట్టుకే తగ్గిందా, పట్టడం ఎక్కువైందా అన్నది విడదీసి చూడొచ్చు.

కంప్యూటర్ మోడళ్లతో ఇన్ని టన్నులు పడితే ఫరవాలేదని చెప్పే పద్ధతీ ఉంది. కానీ ఏటా కొత్త పంటగా వచ్చే జీవికి ఒకే స్థిరమైన అంకె కట్టడం నాకు ఎక్కదు. లోపలికి ఇచ్చే వేట గంటలు తప్పైతే బయటికొచ్చే జవాబు ఎంత అందంగా ఉన్నా తప్పే.

అందుకే ఏడాది పొడవునా హార్బర్, ఏటా ఒక్కసారి, నిషేధం ఎత్తేసే ముందు, ఓడ. ఆ ఒక్కసారి ఓడను పంపేటప్పుడు ఒక విషయంలో మొండిగా ఉండాలి. పోయినేడాది ఖాళీ వల వచ్చిన చోటే ఈ ఏడాదీ వల వెయ్యాలి. డ్రైవర్‌కు అది అస్సలు నచ్చదు. రొయ్య ఎక్కడుందో నాకు తెలుసు సార్, కాస్త పక్కకు తిప్పుతానంటాడు. నిజంగానే తెలిసి ఉంటుంది కూడా. తిప్పనివ్వకూడదు.