పేజీ అడ్రసు తెలుగు లిపిలోనా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా: ఏది మేలు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి సైటు పెట్టుకునే తెలుగువాళ్ళు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. పేజీ అడ్రసులో తెలుగు అలాగే ఉంచాలా, ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చాలా? ఏది పెడితే గూగుల్లో పైకొస్తాం? మహారాష్ట్రలోని సిరొంచ, ధర్మాబాద్ వాళ్ళ సందేహమూ ఇదే, ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుందంతే. (ఉదాహరణలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ఇంగ్లిష్ అక్షరాలు అని చెప్పినచోట అలాగే ఊహించుకోండి.)

ముందు గూగుల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ తేల్చడానికి పెద్దగా ఏమీ లేదు. తెలుగు లిపిలో ఉన్న అడ్రసును గూగుల్ ఏ ఇబ్బందీ లేకుండా చదువుతుంది. చదివేవాళ్ళ భాషలో పదాలు పెట్టమనే దాని సలహా కూడా. కానీ అడ్రసులోని పదాలకు ర్యాంకులో ఉన్న బరువు చాలా తక్కువ. పేజీ శీర్షిక, లోపలి విషయం ముందు అది లెక్కలోకి రాదు. పైగా 2025 జనవరి నుంచి మొబైల్ ఫలితాల్లో డొమైను పేరు మాత్రమే చూపిస్తున్నారు, దాని వెనక ముక్కలు కనబడవు. ర్యాంకు కోసమే అయితే స్లగ్ (డొమైను వెనక వచ్చే పేజీ పేరు) గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పదాల మధ్య అండర్‌స్కోర్ కాకుండా హైఫన్ పెట్టండి, ఇంగ్లిష్ అయితే అన్నీ చిన్న (స్మాల్) అక్షరాలే వాడండి, చాలు.

అసలు తేడా అడ్రసు చేతులు మారేటప్పుడు బయటపడుతుంది. వాట్సాప్‌లో పంపినప్పుడు, ఫోన్లో చెప్పినప్పుడు, కరపత్రం మీద అచ్చు వేసినప్పుడు అది చెక్కుచెదరకుండా నిలవాలి. నా తూకంలో అన్నిటికన్నా బరువైనది ఇదే.

యూనికోడ్‌లో (వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో) ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు. అడ్రసులోకి వెళ్ళేసరికి ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, రెండు అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక గుర్తుకు 9 అక్షరాలు. కంటికి ఒకే అక్షరంలా కనిపించే 'ట్టు' లోపల నాలుగు గుర్తులు: ట, పొల్లు, ట, ఉత్వం. ఆ ఒక్కదానికే 36 అయ్యాయి. బ్రౌజరు పైన తెలుగు ముచ్చటగానే కనిపిస్తుంది. క్రోమ్‌లో అడ్రసంతా కాపీ చేసి ఎక్కడైనా అతికించండి, శాతం గుర్తుల చాంతాడు దిగుతుంది. అవతలివాళ్ళు అది వైరస్ లింకేమో అనుకుని నొక్కరు.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళకు ఇంకో దెబ్బ ఉంది. స్లగ్‌కు డేటాబేసులో ఇచ్చిన చోటు 200 అక్షరాలు, అదీ ఈ శాతం గుర్తుల లెక్కలోనే. కాబట్టి సుమారు 22 తెలుగు గుర్తులు దాటితే మిగతాది కత్తిరించేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. 'పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు' అని శీర్షిక పెడితే హైఫన్లతో కలిపి 218 అవుతుంది. సరిగ్గా 200 దగ్గర తెగి 'పర్లాకిమిడి-కొమ్ము-బొమ్మ' మిగులుతుంది. ఇక్కడ 'లు' పోతే పోయింది, అర్థం బతికింది. 'బరంపురం పట్టు చీర అసలుదో కాదో తెలుసుకోవడం ఎలా' లాంటి శీర్షికైతే మధ్యలో ఎక్కడో తెగుతుంది. అలా మొదలయ్యే పేజీలు రెండుంటే రెండోదానికి చివర అంకె తగిలిస్తుంది.

ఎస్ఎమ్ఎస్ సంగతి చూడండి. తెలుగు అక్షరాలున్న మెసేజుకు హద్దు 70 అక్షరాలు. అందులో డొమైనుతో కలిపి 220 దాటే లింకు పెడితే అదొక్కటే నాలుగు మెసేజుల ఖరీదు. దుకాణం గోడకు అంటించే క్యూఆర్ కోడ్ కూడా అంతే. మీడియం దిద్దుబాటు స్థాయిలో (కోడ్ కొంత చెడినా చదవగలిగే ఏర్పాటు) 62 అక్షరాల్లోపు అడ్రసు 33×33 గడుల్లో సర్దుకుంటుంది. 220 దాటితే 61×61 కావాలి. బిళ్ళంత సైజులో అచ్చు వేస్తే ఆ సన్న గడులను పాత ఫోను కెమెరా పట్టుకోలేదు.

కంటికి కనపడని తేడాలు మరీ చికాకు. 'సిల్క్' చివరి పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులతో కనిపించని జోడింపు-నిరోధక గుర్తు పడుతుంది, కొన్నిటితో పడదు. చూడ్డానికి రెండూ ఒకటే, సర్వరుకు మాత్రం వేరువేరు అడ్రసులు. ఐత్వాన్నీ యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. లింకు చేత్తో టైపు చేసినవాళ్ళకు 404 (పేజీ దొరకలేదన్న జవాబు) వస్తే కారణం వెతకడానికి పూట పడుతుంది.

తెలుగు లిపి పక్షాన చెప్పుకోవాల్సింది లేకపోలేదు. పద్యాలు, కథలు, నిఘంటువు పెట్టే సైటుకు, చదివేవాళ్ళంతా తెలుగు చదవగలిగినవాళ్ళే అయినప్పుడు, అడ్రసు కూడా తెలుగులో ఉండటం అందం. తెలుగు వికీపీడియా అలాగే నడుస్తోంది. అయితే పంచుకోవడానికి చిన్న లింకు చేసే సాధనాన్ని వికీపీడియా విడిగా ఇవ్వాల్సి వచ్చిందని గమనించండి.

సరిహద్దులో ఇంకో మాట ఉంది. ఒడియా మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. కొనడానికి వచ్చేవాళ్ళలో ఒడియావాళ్ళు ఎలాగూ ఉంటారు. ముగ్గురికీ ఉమ్మడిగా వచ్చిన లిపి ఇంగ్లిషే. పేజీ లోపల తెలుగు నిండుగా ఉంచండి, అడ్రసు మాత్రం అందరూ చదవగలిగేది పెట్టండి. నా ఓటు అటే.

ఇంగ్లిష్ అక్షరాలు అన్నాక మళ్ళీ రెండు దారులు: తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం, లేదా ఇంగ్లిష్ మాటే పెట్టడం. మొదటిదానికి స్థిరమైన స్పెల్లింగ్ లేదు. 'చీర'లో దీర్ఘానికి రెండు 'ఈ'లు రాసేవాళ్ళున్నారు, ఒక్క 'ఐ' రాసేవాళ్ళున్నారు. ఫోన్లో చెబితే విన్నవాళ్ళు తమకు తోచింది కొడతారు. 'సిల్క్-శారీ' అయితే ఆ గొడవ లేదు. అందుకని వస్తువుకు ఇంగ్లిష్ మాట, ఊరికి సర్కారీ స్పెల్లింగ్, మొత్తం మూడు నుంచి అయిదు పదాలు. 'పారలాఖేముండి-హార్న్-క్రాఫ్ట్' ఇంగ్లిష్‌లో 25 అక్షరాలు, అదే విషయం తెలుగులో 218. ఇంగ్లిష్ మాట లేనివాటికి, ఉదాహరణకు బరంపురం ఊరి పండగ ఠాకురాణి యాత్రకు, సెర్చ్ కన్సోల్‌లో (మీ సైటుకు జనం ఏ మాటలు వెతికి వచ్చారో చూపే గూగుల్ సాధనం) జనం ఏ స్పెల్లింగ్‌తో వస్తున్నారో చూసి అదే పెట్టండి.

ఊరి పేర్ల దగ్గర తొందరపడకండి. మనం పర్లాకిమిడి అంటాం, ప్రభుత్వ కాగితాల్లో పారలాఖేముండి, పాత జమీందారీ పత్రాల్లో వేరే స్పెల్లింగ్. బరంపురానికి రైల్వే స్టేషన్ మీద బ్రహ్మపుర్, యూనివర్సిటీ పేరులో బెర్హంపూర్. ఇంచుమించు అదే పేరుతో పశ్చిమ బెంగాల్లో మరో ఊరుంది. రాయగడకైతే మహారాష్ట్రలో రాయగఢ్, ఛత్తీస్‌గఢ్‌లో మరొక రాయ్‌గఢ్ పోటీ. ఒక స్పెల్లింగ్ ఎంచుకుని సైటంతా అదే వాడండి, అవసరమైతే వెనక 'ఒడిశా' చేర్చండి. మిగతా స్పెల్లింగులు పేజీ లోపల ఒకసారి రాస్తే చాలు.

బ్లాగర్ వాడేవాళ్ళకు ఎంపికే లేదు. శీర్షిక తెలుగులో ఉంటే అది తనంతట తాను 'బ్లాగ్-పోస్ట్' అని పెట్టి చివర అంకె తగిలిస్తుంది. ప్రచురించే ముందే కుడివైపు పర్మాలింక్‌లో కస్టమ్ ఎంచుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి, తెలుగు రాస్తే తీసుకోదు.

అంకెల అడ్రసులు, తేదీల అడ్రసులు: వార్తల సైటు కాకపోతే వద్దు. ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది. అడ్రసులో సంవత్సరం లేకుండా ఒకే పేజీ ఉంచి, ప్రతిసారీ దాన్నే సరిదిద్దితే పాత లింకుల బలం పోదు. తెలుగు లిపిలో డొమైనే కొనడం సరదాకైతే సరే.

రెండు మూడు భాషల్లో సైటు ఉంటే డొమైను వెనక భాష సంకేతంతో ఫోల్డరు పెట్టండి: తెలుగుకు టీ-ఈ, ఒడియాకు ఓ-ఆర్, మరాఠీకి ఎమ్-ఆర్. ప్రశ్న గుర్తు వెనక భాష పేరు తగిలించే పద్ధతిని గూగులే వద్దంటుంది. హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులు (ఇదే పేజీ ఏ భాషలో ఎక్కడుందో గూగుల్‌కు చెప్పేవి) ప్రతి పేజీ నుంచి మిగతా భాషల పేజీలకూ, తనకు తానుగానూ ఉండాలి. ఒక వైపే ఉంటే గూగుల్ పట్టించుకోదు.

ఇప్పటికే తెలుగు అడ్రసులతో నడుస్తున్న సైటును కేవలం అందం కోసం మార్చకండి, కొత్త పేజీల నుంచి మొదలుపెట్టండి. మార్చి తీరాల్సిందే అయితే ప్రతి పాత అడ్రసు నుంచి కొత్తదానికి నేరుగా 301 (శాశ్వత దారి మళ్ళింపు) పెట్టి, కనీసం ఏడాది ఉంచండి. వర్డ్‌ప్రెస్ పోస్టుల స్లగ్ మారిస్తే పాతదాన్ని గుర్తుంచుకుని తనే దారి మళ్ళిస్తుంది, 'పేజీలు' అన్న రకానికి మాత్రం అలా చెయ్యదు. వాటికి అపాచీలో (సైటును నడిపే సర్వరు సాఫ్ట్‌వేర్) రీడైరెక్ట్ వరుస రాయాలి. అక్కడ చాలామంది బ్రౌజరు నుంచి కాపీ చేసిన శాతం గుర్తుల చాంతాడునే పాత అడ్రసుగా అతికిస్తారు, అది పనిచెయ్యదు. అపాచీ అడ్రసును విప్పాకే పోల్చి చూస్తుంది. కాబట్టి పాత అడ్రసును మామూలు తెలుగు అక్షరాల్లో రాసి, ఫైలును యూటీఎఫ్-8లో, ముందు బామ్ గుర్తు (ఫైలు మొదట్లో పడే కనిపించని గుర్తు) లేకుండా భద్రపరచాలి. మరో సర్వరు సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్ఎక్స్‌లో లొకేషన్ వరుసకూ ఇదే నియమం.