నలుగురి గదిలో ఒక సంవత్సరం: పునాది కోర్సుపై నాలుగేళ్ల తరువాత సమీక్ష

కెనడాలోని ఒక విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరమంతా చిన్న తరగతుల పునాది కోర్సులో చదివి, తరువాతి మూడేళ్లు మామూలు కోర్సుల్లో గడిపి, గత వేసవిలో డిగ్రీ పూర్తి చేశాను. చేరిన నెలకే ఈ సమీక్ష రాసి ఉంటే అందులో ఫిర్యాదులు తప్ప మరేమీ ఉండేవి కావు.

ఆ దేశంలో ఇటువంటి కోర్సులు కొత్తవి కావు. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 1967లో ‘ఆర్ట్స్ వన్’ను, హాలిఫాక్స్‌లోని కింగ్స్ కాలేజీ 1972లో ‘ఫౌండేషన్ ఇయర్ ప్రోగ్రామ్’ను ప్రారంభించాయి, టొరంటోలో విక్టోరియా కాలేజీ ‘విక్ వన్’ను నడుపుతోంది. నేను చదివినది ఈ మూడింటిలో ఏదీ కాకపోయినా, పద్ధతి ఆ కోవలోనిదే. వారానికి అందరికీ కలిపి ఒక ఉపన్యాసం, 18 మందితో రెండు సెమినార్లు, నలుగురు విద్యార్థులూ ఒక ప్రొఫెసరూ కూర్చునే గంటసేపటి ట్యుటోరియల్ ఉండేవి. రెండు వారాలకు ఒక వ్యాసం రాయాలి. ఏడాది పూర్తయ్యాక సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం మూడింటి క్రెడిట్లూ ఒకేసారి జమ అవుతాయి.

ఉపన్యాసాల గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. అటువంటివి ఎక్కడైనా వినవచ్చు. ఈ కోర్సు విలువంతా ఆ నలుగురి గదిలోనే ఉంది.

గుంటూరులో ఎనభై మంది ఉన్న సెక్షన్‌లో సీఈసీ చదివి వచ్చిన నేను, మొదటి వ్యాసాన్ని ఇంటర్ పరీక్షలో జవాబు రాసినట్టే రాశాను: సైడ్ హెడింగులు పెట్టి, వాటి కింద స్కేలుతో గీసినంత తిన్నగా గీతలు వేసి, చివర ‘ముగింపు’ అని ఒక పేరా చేర్చాను. ట్యుటోరియల్‌లో ఎవరి వ్యాసాన్ని వారే పైకి చదవాలి. నేను చదవడం పూర్తి చేశాక ప్రొఫెసర్ ఏమీ అనలేదు. ఎదురుగా కూర్చున్న సహవిద్యార్థిని మాత్రం, ఈ హెడింగులు తీసేస్తే రెండో పేరా తరువాత మూడో పేరా ఎందుకు రావాలో చెప్పగలవా అని అడిగింది. చెప్పలేకపోయాను. మార్కుల కోసం పేరాలను వరుసగా పేర్చడమే తప్ప, ఒక వాక్యం మరొక వాక్యానికి దారితీయాలన్న ఆలోచన అంతవరకు నాకు తట్టనే లేదు. ఇది మా లెక్చరర్ల తప్పని నేను అనను; గుట్టల కొద్దీ పేపర్లు దిద్దే వ్యక్తికి ఆ హెడింగులే దిక్కు.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు డిసెంబరు దాకా పట్టింది. ఐదో వ్యాసానికి హెడింగులు మానేశాను, ఆరో వ్యాసానికి గానీ పేరాలు నిలబడలేదు. రెండు వందల మంది ఉన్న హాలులో ఎవరికీ కనబడకుండా కూర్చోవచ్చు. నలుగురిలో పుస్తకం చదవకుండా వచ్చినవాడు ఐదు నిమిషాల్లో దొరికిపోతాడు. సంక్రాంతి వరకు ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, వాక్యాలనే సంబోధన లేకుండా తిప్పుకొనేవాణ్ణి.

లోపాలు చిన్నవి కావు. వారానికి ఒక పుస్తకం చొప్పున చదవడం, ఇంగ్లీషులో నెమ్మదిగా చదివేవారికి నిజంగానే భారం. మొదటి టర్మ్‌లో నేను సగం పుస్తకాలు చివరి వరకు చదవలేదు. పఠన జాబితాలో అధికభాగం యూరప్ రచనలే, మన దేశం నుంచి ఏడాదికి ఒక్కటి. అంతకంటే ముఖ్యమైనది, మూడు సబ్జెక్టులకూ కలిపి ఒకే గ్రేడు ఇవ్వడం. మొదటి టర్మ్ తడబాటు మొత్తం సగటును లాగేయడంతో, స్కాలర్‌షిప్ కొనసాగుతుందో లేదో తెలియక ఏప్రిల్ నెలంతా నిద్రలేకుండా గడిపాను. టైమ్‌టేబుల్‌లో ఖాళీ మిగలనందువల్ల, ఎకనామిక్స్‌కు అవసరమైన గణితం కోర్సును వేసవిలో విడిగా ఫీజు కట్టి పూర్తి చేయవలసి వచ్చింది.

మరి మూడేళ్ల తరువాత ఏమి మిగిలింది? చదివిన పుస్తకాల్లో చాలావాటి సారాంశం కూడా ఇప్పుడు చెప్పలేను. అయితే మూడో సంవత్సరంలో, నా పేరైనా తెలియని టీచింగ్ అసిస్టెంట్లు వ్యాసాలు దిద్దే తరగతుల్లో సైతం, సమర్పించే ముందు రాత్రి గది తలుపు వేసుకొని వ్యాసాన్ని పైకి చదువుకొనేవాణ్ణి. ఆ నలుగురిలో ఇద్దరం చివరి సంవత్సరం దాకా చిత్తుప్రతులు మార్చుకున్నాం.

ఇటీవల మా పిన్ని కొడుకు ఇటువంటి కోర్సుకే దరఖాస్తు చేస్తూ సలహా అడిగాడు. బ్రోషర్‌లోని ‘చిన్న తరగతులు’ అన్న మాటను నమ్మకుండా మూడు విషయాలు రాసి అడగమన్నాను: ట్యుటోరియల్‌లో ఎంతమంది ఉంటారు, దానిని ప్రొఫెసరే నడుపుతారా, గ్రేడు సబ్జెక్టుకొకటా లేక అన్నింటికీ ఒకటేనా. వారం తరువాత జవాబు వచ్చింది. ట్యుటోరియల్‌లో పద్నాలుగు మంది, నడిపేది పరిశోధక విద్యార్థులు. వాడు మామూలు కోర్సులోనే చేరాడు.