పొడవైన ఇంటి వీడియోను డిస్కులుగా విడదీయడం: అవిడీమక్స్, డీవీడీ స్టైలర్‌లపై నా సమీక్ష

పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న ఇంటి వీడియోలను డీవీడీలుగా మార్చడానికి కొన్నేళ్లుగా రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లనే వాడుతున్నాను. కోయడానికి అవిడీమక్స్, మెనూ పెట్టి డిస్కుగా కూర్చడానికి డీవీడీ స్టైలర్.

మూడు గంటల వీడియోను ఒకే డిస్కులో ఇరికించవచ్చు కదా అనే ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఇరికించవచ్చు గానీ, మామూలు డీవీడీలో పట్టే 4.7 గిగాబైట్లను మూడు గంటలకు పంచితే ధ్వనితో కలిపి సెకనుకు సుమారు 3.5 మెగాబిట్లే దక్కుతాయి. స్టాండు మీద కెమెరా పెట్టి మంచి వెలుతురులో తీసిన దృశ్యాలు దానితో ఎలాగో నెట్టుకొస్తాయి. ఇంటి వీడియోలు అలా ఉండవు. చెయ్యి వణికిన ప్రతిసారీ, చీకటి మూలల్లో చుక్కలు కదిలిన ప్రతిసారీ, వీడియోను కుదించే ఎన్‌కోడర్‌కు అదంతా కొత్త సమాచారమే కాబట్టి, బిట్లు చాలక ముఖాలు గళ్లు గళ్లుగా చెదిరిపోతాయి. రెండు డిస్కులకు పంచితే అదే లెక్క ఏడు మెగాబిట్ల దగ్గరకు చేరుతుంది, ఆ తేడా పెద్ద టీవీ మీద స్పష్టంగా తెలుస్తుంది. రెండు పొరలుండే 8.5 గిగాబైట్ల డ్యూయల్ లేయర్ డిస్కు మరో దారి. అయితే పొర మారే చోట కొన్ని ప్లేయర్లలో బొమ్మ క్షణకాలం ఆగుతుంది.

నేను ముందుగా మొత్తం వీడియోను డీవీడీకి సరిపోయే ఎంపెగ్-2 రూపంలోకి మార్చి, ఆ తర్వాతే అవిడీమక్స్‌లో కాపీ మోడ్ పెట్టి కోస్తాను. కాపీ మోడ్‌లో మళ్లీ ఎన్‌కోడింగ్ ఉండదు కనుక నాణ్యత తగ్గదు, పని నిమిషాల్లో ముగుస్తుంది. షరతు ఒక్కటే: ముక్క కీఫ్రేమ్ (మిగతా ఫ్రేముల మీద ఆధారపడకుండా పూర్తి బొమ్మగా నిల్వ ఉండే ఫ్రేమ్) దగ్గర మొదలుకావాలి. పై బాణం, కింది బాణం మీటలు నేరుగా కీఫ్రేమ్ నుంచి కీఫ్రేమ్‌కు దూకుతాయి, తెర అడుగున ఆ ఫ్రేమ్ రకం కనిపిస్తుంది. డీవీడీ వీడియోలో సాధారణంగా 12 లేదా 15 ఫ్రేములకొకటి ఉంటుంది కాబట్టి అరసెకను అటూ ఇటూగా కోరిన చోటే తెగుతుంది. మొదటి ముక్కకు ముగింపు గుర్తు పెట్టిన ఫ్రేమ్ దగ్గరే రెండో ముక్కకు ప్రారంభ గుర్తు పెడితే మధ్యలో ఏదీ పోదు.

ఎక్కడ కోయాలన్నది మాత్రం సాఫ్ట్‌వేర్‌కు వదలకూడదని నా అభిప్రాయం. సరిగ్గా సగానికి కోస్తే పాట మధ్యలోనో, ఎవరో మాట్లాడుతుండగానో డిస్కు అయిపోతుంది. ఒకటి గంటంపావు, మరొకటి గంటా నలభై అయిదు నిమిషాలు వచ్చినా సరే, ఒక సందర్భం ముగిసిన చోటే కోయడం మేలు. అప్పుడు ఎన్‌కోడింగ్‌కు ముందే పెద్ద ముక్క పొడవును బట్టి బిట్‌రేట్, అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లన్నది, నిర్ణయించుకోవాలి.

రికార్డింగ్‌ను ఆపి ఆపి తీసిన క్యాసెట్లతో కొంత చిరాకు తప్పదు. ఏ ఫ్రేమ్ ఎప్పుడు కనిపించాలో చెప్పే టైమ్‌స్టాంపులు తెగిన చోటు దాటాక మాట పెదవుల కంటే వెనకబడవచ్చు, అది ముక్క చివరికి వెళ్లి చూస్తే గానీ బయటపడదు.

డీవీడీ స్టైలర్ మెనూ నమూనాలు పాతకాలపువే, కానీ డిస్కు ఎంత నిండిందో చూపే పట్టీ ఎంతో ఉపకరిస్తుంది. 4.7 అని అట్ట మీద ఉన్న డిస్కు విండోస్ లెక్కలో 4.38 మాత్రమే. నేను 4.2 దగ్గరే ఆగుతాను, ఎందుకంటే చివర రాసే సమాచారం వేళ్లు తగిలే బయటి అంచుకు చేరుతుంది. నేరుగా డిస్కు మీద రాయించకుండా ముందు ఐఎస్ఓ ఫైలుగా (మొత్తం డిస్కుకు నకలుగా ఉండే ఒకే ఫైలు) తయారు చేసుకుని, ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ముక్కల అతుకునూ చూసుకున్నాకే తక్కువ వేగంతో డిస్కు రాస్తున్నాను.