ఏర్పేడు దారిలో ప్లాటా, తిరుపతిలో పాత ఫ్లాటా?

మూడు నెలల కిందట ఫ్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకున్నప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "ముప్పై లక్షలున్నాయన్నా, ప్లాటు మేలా, ఫ్లాటు మేలా?" నేను కొన్నది పన్నెండేళ్ల పాత ఫ్లాటు కాబట్టి నా మొగ్గు ఎటో దాచేదేం లేదు. కానీ వెతకడం మొదలుపెట్టింది మాత్రం ప్లాటు కోసమే.

ప్లాటు పెరిగినట్టు ఫ్లాటు పెరగదు, నిజమే. గోడలు పాతబడేకొద్దీ మిగిలేది స్థలంలో మన వాటానే. నాకొచ్చింది తొమ్మిది అంకణాలు. (మన తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరోళ్లది దీనికి రెట్టింపు. బేరంలో ఏ అంకణమో అడగండి.) ఈ లెక్క చూస్తే ఐఐటీ వచ్చిన ఏర్పేడు వైపు ప్లాటే నయం.

నన్ను ఆపింది కాగితాలు. నేను చూసిన ప్లాటుకు బ్రోకరు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) చేతిలో పెట్టి "క్లీన్‌గా ఉంది సార్" అన్నాడు. ఉంది కూడా. అయితే ఈసీలో కనబడేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. డీకేటీ పట్టా, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చే అసైన్డ్ భూమి కాగితం, ఇచ్చేది తహసీల్దారు, అది రిజిస్ట్రార్ ఆఫీసు గడప తొక్కదు. పైగా ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) పట్టుకుని వెనక్కి పోతే మొదటి అమ్మకందారు దగ్గర ఆగిపోయింది, ఆయనకు ఆ నేల ఎలా వచ్చిందో కాగితం లేదు. మా పెదనాన్న కొడుకు పాత ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే నాటి భూముల రిజిస్టరు) తీయిస్తే పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలున్నాయి, అంటే సొంతదారు ఎవరో తేలని నేల. అడ్వాన్సు ఇవ్వలేదు కాబట్టి బతికిపోయాను.

అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటినవాటికి అమ్ముకునే హక్కులిస్తూ 2023లో సవరణ చేశారు గానీ, అది మొదట పట్టా పొందినవాళ్లకు, వాళ్ల వారసులకు. అక్రమాలు జరిగాయని 2024లో అలా హక్కులొచ్చిన (ఫ్రీహోల్డ్) భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అప్పులు చేసి కొన్నవాళ్ల టెన్షన్ ఊహించుకోండి. 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) సర్వే నంబరు లేదన్నంత మాత్రాన నిశ్చింత కాదు. అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (హక్కుదారు వివరాల రికార్డు), ఆర్‌ఎస్‌ఆర్ మూడూ చూడాల్సిందే.

పాత ఫ్లాటులో నాకు నచ్చింది ఇదే. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురికి వేర్వేరు బ్యాంకులు లోన్లిచ్చాయి. అంటే అదే స్థలం కాగితాలను నలుగురు లాయర్లు తిరగేశారన్నమాట. వాళ్లూ పొరపాటు పడొచ్చు, కాబట్టి నేను ఐదో లాయరుకు చూపించాను. అద్దె తొమ్మిది వేలు వస్తోంది, మెయింటెనెన్స్ పోను ఏడున్నర. ఎండాకాలం ట్యాంకరు ఖర్చు వేరే. లిఫ్టు సంగతి అడక్కండి.

సొంతూళ్లో, తాతల నాటి నుంచి ఎవరు దున్నారో తెలిసిన నేల దొరికితే మాత్రం ప్లాటే కొనండి. అక్కడ నా వాదన నిలబడదు.

కొట్టుగది కొందామంటే ఈ డబ్బుకు మంచి వీధిలో దొరకదు. చిత్తూరు వైపు మామిడి తోట అంటారా, 2025లో తోతాపురి కిలోకు ప్రభుత్వం నాలుగు రూపాయలు కలిపితే పన్నెండు అయింది. తోట దగ్గర కాపురముండే ఓపిక ఉంటే చూసుకోండి.