పలాస జీడిపప్పు సీసా: బ్లెండర్‌లో నింపడానికి ఏది మేలు?

శ్రీకాకుళం వైపు గ్రాఫిక్స్ పని చేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు జీడిపప్పు ప్రకటన తగలక మానదు. త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో గాజు సీసా మోడల్ చేయడం ఎంతసేపు? దాన్ని పప్పుతో నింపడం దగ్గరే అసలు గొడవ.

ముందు లెక్క చూసుకోండి. జీడిపప్పుని సైజుని బట్టి గ్రేడులుగా అమ్ముతారు. డబ్ల్యూ 320 గ్రేడు అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములు) 300 నుంచి 320 పప్పులు. అరకిలో సీసాకి 330–350 సరిపోతాయి. వేలకు వేలు పోసి కంప్యూటర్‌ని ఏడిపించక్కర్లేదు.

బ్లెండర్‌లో నోడ్లు (చిన్న చిన్న పనిపెట్టెలు) కలిపి ఆకారాలు తయారుచేసే జామెట్రీ నోడ్స్‌లో సులువైన దారి మెష్ టు వాల్యూమ్, ఆ వెనకే డిస్ట్రిబ్యూట్ పాయింట్స్ ఇన్ వాల్యూమ్. మొదటిది సీసా లోపలి చోటుని వాల్యూమ్‌గా మారుస్తుంది, రెండోది అందులో బిందువులు చల్లుతుంది; ఒక్కో బిందువు దగ్గర ఒక్కో పప్పు పెడతాం. అందులో రాండమ్, గ్రిడ్ అని రెండు మోడ్‌లు. రాండమ్‌లో ప్రతి చోటికీ సమాన అవకాశం ఉంటుంది గానీ బిందువుల మధ్య సమానమైన ఎడం ఉండదు. ఒకచోట నాలుగు పప్పులు ఒకదాన్లో ఒకటి దూరిపోతాయి, పక్కనే బోలెడు ఖాళీ. చాలామంది సీడ్ (చల్లే తీరుని మార్చే అంకె) మారుస్తూ కూర్చుంటారు. ఏ సీడ్ ఇచ్చినా అంతే.

గ్రిడ్‌లో ఎడం పక్కా. కానీ కెమెరా ఎదురుగా పెట్టగానే బడిలో ప్రేయర్‌కి నిలబెట్టిన పిల్లల్లా వరసలు బయటపడతాయి. బిందువుల్ని జరిపే సెట్ పొజిషన్ నోడ్‌కి, ఇష్టమొచ్చిన అంకెలిచ్చే రాండమ్ వాల్యూ నోడ్ తగిలించి కాస్త చెదరగొట్టొచ్చు. 3 సెం.మీ. ఎడం ఉన్నప్పుడు ఒక్కో బిందువుని అటూ ఇటూ అర సెంటీమీటరు కదిపితే, పక్కపక్కవాటి మధ్య కనీసం 2 సెం.మీ. మిగులుతుంది. అంతకు మించి కదిపారా, మళ్లీ రాండమ్ గొడవే.

బిందువులు చల్లే ఇంకో పద్ధతి పాయిసాన్ డిస్క్. ఇందులో ఏ రెండు బిందువులూ మీరిచ్చిన దూరం కన్నా దగ్గరికి రావు, వరసలూ కనపడవు. దీన్ని ఎన్ని డైమెన్షన్లలోనైనా వేగంగా చేసే పద్ధతిని 2007లో గ్రాఫిక్స్ పరిశోధకుడు రాబర్ట్ బ్రిడ్సన్ చూపించాడు. ఉద్దానంలో జీడిమామిడి చెట్టు గుబురుని ఆకులతో నింపాలంటే నా ఓటు దీనికే. చిక్కల్లా, బ్లెండర్‌లో ఈ మోడ్ ఉపరితలాలకే ఉంది. లోపల కావాలంటే రాండమ్‌లో దట్టంగా పోసి, మెర్జ్ బై డిస్టెన్స్ నోడ్‌తో దగ్గరవాటిని కలిపేయాలి. దాదాపు అదే ఫలితం వస్తుంది.

సీసాకి మాత్రం ఇవేవీ చాలవు. పప్పు వంకర. ఎడం ఎంత కుదిరినా అవి గాల్లో తేలుతున్నట్టే ఉంటాయి, ఒకదాని మీద ఒకటి ఆనవు. గుండ్రటి బంతులనే తీసుకున్నా, గ్రిడ్‌లో తాకేలా పేరిస్తే 52 శాతమే నిండుతుంది. ఊరికే పోసి కుదిపితే 64 దాకా వస్తుంది. అందుకే రిజిడ్ బాడీ (గట్టి వస్తువులు పడటం, ఢీకొనడం లెక్కగట్టే బ్లెండర్ ఫిజిక్స్) పెట్టి పప్పుల్ని పైనుంచి వదలడమే మేలు.

సీసా కొలిజన్ షేప్, అంటే ఢీకొనేటప్పుడు లెక్కలోకి తీసుకునే ఆకారం, మెష్ (ఉన్నదున్నట్టు అసలు ఆకారం) అయి తీరాలి. కాన్వెక్స్ హల్ (గుంతలన్నీ పూడ్చేసి చుట్టూ బిగించిన ఆకారం) ఉంచేస్తే మూతి మూసేసినట్టే, పప్పంతా జారి బల్ల మీద పడుతుంది. పప్పుకి కాన్వెక్స్ హల్ చాలు. ఇంకోటి, కొలిజన్ మార్జిన్ (ఢీకొనే లెక్కలో వస్తువు చుట్టూ వదిలే ఎడం) మామూలుగా 0.04 మీటర్లు ఉంటుంది, అంటే 4 సెం.మీ.: పప్పు కన్నా పెద్దది! సీను మొత్తాన్ని పదింతలు పెంచి చేయండి. పడటం నెమ్మదిగా కనిపిస్తుంది, అయితే ఏం, మనకి కావాల్సింది చివరి ఫ్రేమే కదా.

అలాగని అన్నిటికీ ఫిజిక్స్ అంటే దండగ. అరసవల్లి గుడిలో మూలవిరాట్టు మీద పడే సూర్యకిరణం, అందులో ఆడే దుమ్ము చూపించాలంటే ఇందాక తిట్టిన రాండమే సరైనది. దుమ్ముకి ఎడం నియమాలేం లేవు. పాయిసాన్ వాడితే ఎవరో పనిగట్టుకుని సర్దినట్టుంటుంది. డెన్సిటీ తగ్గించి, రేణువుల సైజుల్లో తేడా బాగా పెంచండి.